గుప్పెడు మేతకు ఎంత డ్రమ్ము?

పెరట్లో చేపల తొట్టి ఇప్పుడు పట్నంలోనూ పల్లెలోనూ కొత్త ముచ్చట. తొట్టి ఎంతుండాలని అందరూ అడుగుతారు. దాని పక్కన పెట్టే ఫిల్టరు ఎంతుండాలని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న గుర్తొచ్చేసరికి చాలా ఇళ్లలో చేపలు తేలిపోయి ఉంటాయి.

రోహిణి కార్తె. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. తాడేపల్లిగూడెంలో మా అక్కావాళ్ల పెరట్లో, తొట్టి గట్టు మీద బావగారు కూర్చుని ఉన్నారు. పక్కన సిమెంటు మోసే ఇనప తట్ట. అందులో ఏడు కోయి చేపలు, ఎర్రవీ తెల్లవీ, పక్కకి ఒరిగి పడున్నాయి. ఒకదాని మొప్ప ఇంకా కదులుతోందేమోనని ఆయన వేలితో మెల్లగా తాకి చూస్తున్నారు. తొట్టిలో మిగిలిన పదమూడూ ఒక మూలకి చేరి, పైపు నీళ్లు పడేచోట నోళ్లు పైకెత్తి గాలి మింగుతున్నాయి.

నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లలా ఉన్నాయి. మూడడుగుల లోతున మనవడు పడేసిన రూపాయి బిళ్ల మీద అంకె కూడా కనిపిస్తోంది.

‘ఏమోయ్, నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి కదా, వీటికేమొచ్చింది?’ అన్నారు నన్ను చూసి. నా దగ్గర జవాబు లేదు. కైకలూరులో చేపల చెరువులు చేసే మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. బావగారు నీళ్ల రంగు గురించి, ఎండ గురించి, రాత్రి పోయిన కరెంటు గురించి చెప్పుకొచ్చారు. వాడు అంతా విని ఒక్కటే అడిగాడు.

‘నీళ్ల సంగతి తర్వాత చెబుదురుగాని బావగారూ, మేత ఎంత పడుతోంది?’

బావగారు అక్క వంక చూశారు. అక్క నా వంక చూసింది. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి ఆయన. తొట్టి ఎన్ని ఇటుకలు పట్టిందో, ఎన్ని బస్తాల సిమెంటు పోశారో ఇప్పటికీ నోటికి చెప్పగలరు. మేత ఎంత పడుతోందో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

స్టోరు గదిలో సంచీ తీసి చూశాకగానీ విషయం బయటపడలేదు. అయిదు కిలోల మేత సంచీ మామూలుగా యాభై రోజులు వస్తుంది. వేసవి సెలవులకు మనవలిద్దరూ దిగాక తెరిచిన సంచీ ఇరవై రోజులకే అడుగంటింది. పొద్దున తాతయ్య ఓ గుప్పెడు, పదింటికి మనవరాలు ఓ గుప్పెడు, తనకి తెలియకుండా తమ్ముడు ఇంకో రెండు గుప్పెళ్లు, సాయంత్రం చూడ్డానికొచ్చిన పక్కింటి పిల్లలు తలా ఇన్ని. రోజుకి వంద గ్రాములు పడేచోట రెండు వందల యాభై. ప్రేమగా వేసినవే అన్నీ.

ఆ మేత భారమంతా మోస్తున్నది తొట్టి గట్టు మీద పెట్టిన ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు, అందులో కుక్కిన స్పాంజి ముక్కలు. చేపలు వేలెడంత ఉన్నప్పుడు, పోయినేడు సంక్రాంతికి, బిగించిన ఫిల్టరది. ఇప్పుడు ఆ చేపలు ఒక్కొక్కటీ అరకిలోకి దగ్గర పడ్డాయి. బకెట్టు మాత్రం పెరగలేదు.

కంటికి కనిపించని మురికి

చేప తిన్న మేతలోని ప్రొటీన్‌లో కొంత కండగా మారుతుంది. వాడుకోగా మిగిలిన నత్రజనిలో ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి, పేడ రూపంలో కాదు, మొప్పల గుండానే నేరుగా నీటిలో కలుస్తుంది. దానికి రంగు లేదు. ఆ మోతాదులో వాసన కూడా తెలియదు. పేడనీ, మిగిలిన మేతనీ స్పాంజి ఆపుతుంది, నీళ్లు తేటపడతాయి. కరిగిపోయిన అమ్మోనియా మాత్రం స్పాంజి రంధ్రాల్లోంచి ఉప్పునీళ్లలో ఉప్పులా వెళ్లిపోతుంది. బావగారు తేటదనాన్ని చూసి మోసపోయింది అక్కడే. ఆయనే కాదు, తొట్టి కట్టించుకున్న చాలామంది మొదట చేసే పొరపాటు ఇదే.

ఎంత అమ్మోనియా వస్తుందో చేపల రైతులు వాడే లెక్క ఒకటుంది. 32 శాతం ప్రొటీన్ ఉన్న మేత కిలో వేస్తే దాదాపు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని నీటిలోకి వస్తుంది. అంటే మేత తూకంలో నూటికి మూడు వంతులు. బావగారి తొట్టిలో పట్టేది సుమారు 3,400 లీటర్లు. రోజుకి 250 గ్రాముల మేత పడితే ఏడున్నర గ్రాముల అమ్మోనియా. ఫిల్టరు చేతులెత్తేస్తే, ఒక్క రోజులోనే లీటరుకి 2.2 మిల్లీగ్రాములు పెరుగుతుంది.

ఇదంతా విషం కాదు. ఎంత విషమవుతుందనేది నీటి పీహెచ్ మీదా, వేడి మీదా ఉంటుంది. నీళ్లు 30 డిగ్రీల వేడిలో ఉన్నాయనుకుందాం. పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. పీహెచ్ 8 అయితే ఏడున్నర వంతులు. 9కి చేరిందా, 45 వంతుల దాకా పోతుంది. విషరూపంలో ఉన్న అమ్మోనియా లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. పీహెచ్ 8 ఉన్న నీటిలో బావగారి ఒక్కరోజు లెక్క దానికి మూడింతలు.

దీనికి తోడు ఎండాకాలం. చల్లగా 20 డిగ్రీలున్న నీరు లీటరుకి 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువుని పట్టి ఉంచగలదు. 30 డిగ్రీలకొచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకి గాలి ఎక్కువ కావలసిన వేళకే నీటిలో గాలి తక్కువ. ఆ రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. చేపల్ని చంపింది కరెంటు కోత అనే ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అది ఆఖరి దెబ్బ మాత్రమే, మొదటి దెబ్బ గుప్పెళ్లలో ఉంది.

మిగిలిన పదమూడింటిని బతికించుకోవడానికి కైకలూరు తమ్ముడు ఫోన్‌లో చెప్పినవి చిన్న పనులే. మేత పూర్తిగా ఆపెయ్యాలి. మూడో వంతు నీళ్లు తీసి కొత్త నీళ్లు పెట్టాలి. బోరు నీళ్లలో గాలి తక్కువ గనక పైపు ఎత్తుగా పట్టి, ధార చెదిరి పడేలా పొయ్యాలి. వెయ్యి లీటర్లకి కిలో చొప్పున కల్లుప్పు కరిగించి పొయ్యాలి. అమ్మోనియా తర్వాత పుట్టే నైట్రైట్ చేప రక్తాన్ని గోధుమరంగుకి తిప్పి ఊపిరాడకుండా చేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. ‘మూడు రోజులు పస్తుంటే చేప చావదు బావగారూ, తింటేనే చస్తుంది ఇప్పుడు’ అన్నాడు వాడు. పిల్లలకి ఆ మాట చెప్పడమే కష్టమైంది.

నూతిలో చేపకి ఫిల్టరెందుకు లేదు?

మా తాతయ్య నూతిలో నాలుగు చేపలుండేవి. దోమ పిల్లల్ని తింటాయని వేశారు. ఏళ్ల తరబడి బతికాయి. ఆ నీళ్లే తోడుకుని గోలేల్లో పోసుకునేవాళ్లు. ఫిల్టరు లేదు, పంపు లేదు, గాలి మర లేదు. ఎందుకంటే ఎవరూ వాటికి మేత వెయ్యలేదు. నూతిలో పుట్టిన పురుగే వాటి తిండి. ఆ తిండికి తగ్గన్ని చేపలే అక్కడ మిగిలాయి.

ఊరి చెరువూ అంతే. ఎకరాల కొద్దీ విస్తీర్ణం, అడుగున ఒండ్రుమట్టి, గట్టు వెంబడి తుంగ, నీటి మీద కలువ. అమ్మోనియాని అరాయించుకునే సూక్ష్మజీవులకి ఆ మట్టీ, ఆ వేళ్లూ, ఆ ఆకుల అడుగులూ నివాసం. సిమెంటు తొట్టి కట్టి, నున్నగా గచ్చు చేసి, అందులో ఇరవై చేపలు వేసి, పొద్దునా సాయంత్రం కంపెనీ మేత పెట్టడమంటే, చెరువు చేసే పనిని తీసేసి చెరువు మొయ్యలేనంత బరువు పెట్టడం. తీసేసిన ఆ పనిని ఎక్కడో ఒకచోట తిరిగి పెట్టాలి. ఆ చోటే ఫిల్టరు.

కైకలూరు తమ్ముడికి ఇది పుస్తకాల్లో చదివితే తెలిసిన సంగతి కాదు. వాడు పుట్టింది కొల్లేటి ఒడ్డున. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఆ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో మురుగు కాలవలు వచ్చి చేరతాయి. ఒండ్రు అడుక్కి దిగి, నీళ్లు కిక్కిస పొదల మధ్య నుంచి నింపాదిగా నడిచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. మన తొట్టి పక్క డ్రమ్ములు చెయ్యాల్సిన రెండు పనులూ, మట్టి దింపడమూ మురికిని అరాయించడమూ, కొల్లేరు వందల చదరపు కిలోమీటర్లలో చేసేది. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. సరస్సు లోపలికి చొచ్చుకొచ్చిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే తెగ్గొట్టించింది. ‘వడపోత స్థలం తగ్గించి మేత పెంచాం అన్నయ్యా’ అంటాడు వాడు, ఆ చెరువుల మీదే బతికే మనిషైనా. ఆ మాట అన్నప్పుడు వాడి గొంతులో బాధ నాకు తెలుసు.

———

ఇసకకి మురికిని అరాయించే శక్తి ఎక్కడిది?

మురుగునీరు ఇసకలోంచి దిగితే శుభ్రపడుతుందని పందొమ్మిదో శతాబ్దంలో తెలుసు గానీ ఎందుకో తెలియదు. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసక నింపిన గొట్టంలోంచి మురుగునీటిని బొట్లుబొట్లుగా దింపారు. మొదటి ఇరవై రోజులు అమ్మోనియా పోసింది పోసినట్టే బయటికొచ్చింది. ఆ తర్వాత అది నైట్రేట్‌గా మారి రావడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆ పని ఆగిపోయింది. అంటే చేస్తున్నది ఇసక కాదు, ఇసకని పట్టుకుని బతుకుతున్న ప్రాణులు. 1890లో విన్‌గ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త ఆ సూక్ష్మజీవుల్ని విడదీసి చూపాడు. ఒక జాతి అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో జాతి ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చేపకి అంత ప్రమాదం కాదు, మొక్కకి మాత్రం ఎరువు.

———

పదో వంతు లెక్క ఎక్కడ ముంచుతుంది?

ఫిల్టరు ఎంతుండాలని అడిగితే అలంకార చేపలు పెంచేవాళ్లు చెప్పే సూత్రం: తొట్టిలో ఉన్న నీటిలో పదో వంతు. బావగారి 3,400 లీటర్లకి 340 లీటర్లు. గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది, మామూలు తొట్టికి సరిపోతుంది కూడా. కానీ అది నీటిని చూసి చెప్పిన లెక్క. అదే తొట్టిలో ఇరవైకి బదులు అరవై చేపలు వేసి రోజుకి అరకిలో మేత పెడితే 340 లీటర్లు చాలవు. పదివేల లీటర్ల కుంటలో పది గోల్డ్‌ఫిష్ వేసి ఇరవై గ్రాముల మేత వేస్తే వెయ్యి లీటర్ల ఫిల్టరు అక్కర్లేదు. బకెట్టుతో గడిచిపోతుంది. ఫిల్టరు పరిమాణం తేల్చేది తొట్టి కాదు, మేత. నేను తిరిగి చూసిన తొట్లన్నిటిలోనూ తేడా వచ్చింది ఈ ఒక్క చోటే.

చేపలు చావగా మిగిలిన పశ్చాత్తాపంతో కావచ్చు, బావగారు ఆ రోజు మధ్యాహ్నం పెరటి గోడ మీద సుద్దముక్కతో లెక్క మొదలుపెట్టారు. ఫోన్‌లో తమ్ముడు చెబుతుంటే ఆయన రాశారు, క్లాసులో రాసినట్టే, పైనుంచి కిందికి, గీత కొట్టి.

వంద గ్రాముల మేతకి మూడు గ్రాముల అమ్మోనియా. సూక్ష్మజీవులు పట్టిన ఉపరితలం ఒక చదరపు మీటరు రోజుకి ఎంత అమ్మోనియాని మార్చగలదు? నీళ్లు శుభ్రంగా ఉండాలనుకునే తొట్టికి 0.3 గ్రాములని లెక్క వేసుకోవడం క్షేమం. అంటే వంద గ్రాముల మేతకి పది చదరపు మీటర్ల ఉపరితలం కావాలి. ఒక గది నేలంత.

అంత నేలని డ్రమ్ములో ఎలా ఇరికిస్తాం? కంకరతో. రాయి చిన్నదయ్యేకొద్దీ అదే చోటులో ఉపరితలం పెరుగుతుంది. రాళ్లు గుండ్రంగా ఉన్నాయనుకుని లెక్కగడితే, 20 ఎంఎం కంకర ఒక ఘనమీటరులో సుమారు 180 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. 40 ఎంఎం కంకరకి అందులో సగం, తొంభై. పది చదరపు మీటర్లు రావాలంటే 20 ఎంఎం కంకర 55 లీటర్లు కావాలి. రాళ్ల మధ్య పేడ పేరుకుంటుంది, కొన్ని మూలలకి నీరే చేరదు. అందుకని దాన్ని రెట్టింపు చెయ్యాలి. గోడ మీద ఆఖరి గీత కింద ఆయన రాసింది: 100 గ్రా. మేత = 110 లీ. కంకర.

మామూలు రోజుల్లో, చేపలు పెరిగాక, 150 గ్రాములు. దానికి 165 లీటర్లు, ఒక నీలం డ్రమ్ము. మరి మనవలొచ్చే వేసవికి? 250 గ్రాములు. 275 లీటర్లు. బావగారు సుద్దముక్క పట్టుకుని కాసేపు ఆలోచించి, పక్కన ‘2 డ్రమ్ములు’ అని రాశారు. ఏ నెలలో ఎక్కువ మేత పడుతుందో ఆ నెలని చూసి ఫిల్టరు కట్టాలని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనకే తట్టింది.

‘నా కనకాంబరం మడి మీద పెడతారా ఏంటండీ ఆ పీపాలు?’ అంది అక్క వంటింటి గుమ్మంలోంచి.

———

తొట్టిలో నీళ్లెన్ని?

పొడవు, వెడల్పు, నీటి లోతు అడుగుల్లో హెచ్చవేసి 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 8 × 5 × 3 అడుగుల తొట్టికి 120 ఘనపుటడుగులు, సుమారు 3,400 లీటర్లు. గుండ్రటి తొట్టికి వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, 0.785తోనూ లోతుతోనూ హెచ్చవేసి, ఆపైన 28.3తో గుణించాలి. గట్టు ఎత్తు కాదు, నీళ్లు నిలిచే ఎత్తే కొలవాలి.

మేడ మీద కట్టాలనుకునేవాళ్లకి ఇంకో లెక్క. మూడడుగుల నీరు చదరపు మీటరుకి 900 కిలోల పైన బరువు వేస్తుంది. మామూలు ఇంటి డాబాను మనుషులు తిరగడానికని లెక్కించేది చదరపు మీటరుకి 150 కిలోల చొప్పున. ఇంజనీరుని అడగకుండా డాబా మీద తొట్టి పెట్టకండి.

———

రెండు పనులు, వేరువేరు డ్రమ్ములు

బకెట్టు ఫిల్టర్లలో పెద్ద లోపం, రెండు పనులూ ఒక్కచోటే చేయించడం. పేడ ఆపే స్పాంజిని రెండు రోజులకోసారి పిండాలి. సూక్ష్మజీవులు ఉన్నచోటుని నెలల తరబడి కదపకూడదు. రెండూ ఒకటే అయితే పిండిన ప్రతిసారీ పెరిగిన ప్రాణులు మోరీలోకి పోతాయి.

అందుకే మొదటి డ్రమ్ము ఖాళీది. ఇందులో కంకర ఉండదు. తొట్టి నుంచి వచ్చే పైపుని డ్రమ్ము గోడ వెంబడి పక్కకి తిప్పి పెడితే నీరు నెమ్మదిగా సుడి తిరుగుతుంది. బరువైన పేడ నడిమధ్యకి చేరి అడుక్కి దిగుతుంది. అడుగున బాల్ వాల్వు పెట్టి రోజూ ఓ నిమిషం తిప్పితే మురికి బయటికి పోతుంది. ఈ డ్రమ్ము చిన్నదైతే పేడ దిగే వ్యవధి ఉండదు. గంటకి 1,700 లీటర్లు నడిచేచోట 200 లీటర్ల డ్రమ్ములో నీరు ఏడు నిమిషాలు ఆగుతుంది. 50 లీటర్ల డ్రమ్ములో రెండు నిమిషాలు కూడా ఆగదు.

తర్వాతి డ్రమ్ములే అసలు ఫిల్టరు. నీటిని అడుగుకి పంపి పైకి తేలేలా చెయ్యాలి. అడుగున జల్లి పళ్లెం, దాని కింద ఖాళీ, ఆ ఖాళీకి కూడా ఒక వాల్వు. దీన్ని మర్చిపోయినవాళ్లు ఏడాది తర్వాత కంకరంతా చేత్తో తోడాల్సి వస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా కంకరంటే 300 కిలోల రాయి. మా బావగారు డెబ్బయికి దగ్గరపడ్డారు. ఆ తోడుడు ఆయన వల్ల కాదు.

అందుకే తమ్ముడు కంకర వద్దని, చిరిగిపోయిన నైలాన్ చేపల వలల మూట బస్సులో వేసి పంపాడు. ఉండలుగా చుట్టి డ్రమ్ములో వదులుగా వేస్తే తేలిగ్గా ఉంటాయి, నీరు ఆడుతుంది, పేడ పూడదు. ముక్కలుగా కోసిన కరెంటు పైపులు, నీళ్ల సీసాల మూతలు, పగిలిన పెంకులు కూడా పనికొస్తాయి. ఏది వేసినా కంకరకి వేసిన లెక్కే వేసుకోవడం మంచిది. కొబ్బరిపీచు మాత్రం వద్దు. కుళ్లుతుంది, నీటికి రంగు దించుతుంది. బజారులో దొరికే చక్రాల్లాంటి ప్లాస్టిక్ బిళ్లలు ఘనమీటరుకి 500 చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఇస్తాయి. చోటు తక్కువున్న ఇళ్లకి అవి మేలు.

ఈ ప్రాణులకీ ఊపిరి కావాలి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు లాగుతాయి. డ్రమ్ములోకి బుడగలు వదిలే గాలి రాయి ఒకటి దించితే అదే డ్రమ్ము ఇంకొంచెం బరువు మోస్తుంది. నీటిలోని క్షారాన్ని కూడా ఇవి తింటాయి. బోరు నీళ్లలో సాధారణంగా అది సరిపడా ఉంటుంది. వాననీటితో నింపిన తొట్టిలో పీహెచ్ పడిపోతుంటే గుడ్డమూటలో ఆల్చిప్పలు కట్టి డ్రమ్ములో వెయ్యడం పాత ఉపాయం.

పంపు మీద రాసిన అంకె

డ్రమ్ము సరైనదైనా నీళ్లు దాని గుండా నడవకపోతే లాభం లేదు. తొట్టి నీరంతా రెండు గంటలకి ఒకసారైనా ఫిల్టరులోంచి వెళ్లి రావాలి. 3,400 లీటర్లకి గంటకి 1,700. కొట్లో అడిగితే ‘గంటకి 1,800’ అని రాసున్న పంపు చేతిలో పెడతారు. పెట్టె మీది ఆ అంకె పంపు నీటిని ఏమాత్రం పైకి ఎత్తనక్కర్లేనప్పటిది. నాలుగడుగులెత్తి, రెండు మలుపులు తిప్పి, ఇరవై అడుగుల పైపులో నడిపిస్తే అందులో సగం వచ్చినా గొప్పే. బకెట్టూ గడియారమూ పెట్టి కొలుచుకోవాలి. ఇరవై లీటర్ల బకెట్టు 42 సెకన్లలో నిండితే గంటకి 1,700.

బావగారి పాత పంపుని అలా కొలిస్తే గంటకి 600 లీటర్లు వచ్చింది. అమ్మినవాళ్లు చెప్పింది నమ్మి, ఆయన పదహారు నెలలు దాన్ని వాడారు.

పంపు ఇరవై నాలుగు గంటలూ తిరగాలి. రాత్రి ఆపేసి పొద్దున వేసుకునే వస్తువు కాదిది. 40 వాట్ల పంపు రోజుకి ఒక యూనిట్, నెలకి 29 యూనిట్లు కాలుస్తుంది. ఎక్కువ వాట్ల పంపు కొనేముందు ఈ గుణకారం చేసుకోవాలి. తిరిగొచ్చే పైపు పంపు పైపు కంటే లావుగా ఉండాలి. అంగుళం పైపుతో పంపు తోస్తుంటే రెండంగుళాల పైపులోంచి నీరు తనంతట తాను తొట్టిలోకి దిగాలి. సన్నం పైపు పెడితే ఏ రాత్రో ఆకు అడ్డుపడి డ్రమ్ము పొర్లుతుంది, తెల్లారేసరికి తొట్టి ఎండుతుంది. పంపుని అడుగు మీద కాకుండా ఒక ఇటుక ఎత్తున పెడితే, పొర్లినా చేపలకి జానెడు నీరైనా మిగులుతుంది.

నీళ్లూ కరెంటూ ఒక్కచోట ఉన్నాయి, పిల్లలు చేతులు పెడతారు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా పెరటి పంపు పెట్టకండి.

———

ప్రభుత్వ పథకంలో పెరటి తొట్టి

నీటిని వడపోసి మళ్లీ వాడే చేపల పెంపకాన్ని ఆర్‌ఏఎస్ అంటారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి స్థాయి చిన్న ఆర్‌ఏఎస్ యూనిట్‌కీ చోటిచ్చారు. యూనిట్ వ్యయం 50 వేల రూపాయలుగా పెట్టారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం రాయితీ. ఇప్పుడెలా ఉందో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి. కొర్రమీను లాంటి తినే చేపల్ని పెంచేవాళ్లకి ఇది ఉపయోగం. కొర్రమీను బయటి గాలి పీల్చుకుంటుంది గనక ఫిల్టరు అక్కర్లేదనేవాళ్లుంటారు. గాలి సమస్య తీరుతుందేమో గానీ, అమ్మోనియా దానికీ విషమే.

———

నలభై రోజుల ఓపిక

జూన్ రెండో వారానికి మూడు డ్రమ్ములూ నిలబడ్డాయి. ఒకటి పేడ దించేది, రెండు వలలు నింపినవి. అక్క కనకాంబరం మడి రెండడుగులు జరిగింది. ప్లంబరు ట్యాంకు నిపిళ్లు బిగించి, నీళ్లు వదిలి వెళ్లాడు. ఆ రోజు నుంచే మేత వెయ్యొచ్చనుకున్నారు బావగారు. అప్పుడు మళ్లీ ఫోన్.

కొత్త డ్రమ్ము ఖాళీ ఇల్లు. కాపురముండేవాళ్లు రావాలి. వాళ్లంతట వాళ్లొచ్చి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ష్లోసింగ్ గొట్టానికి పట్టిన ఇరవై రోజుల లాంటిదే ఇదీ. పాత తొట్టి ఉన్నవాళ్ల దగ్గర్నుంచి ఫిల్టరు కంకర నాలుగు దోసిళ్లు తడి ఆరకుండా తెచ్చి వేస్తే తొందరగా అంటుకుంటుంది, పాలలో తోడు వేసినట్టు. బావగారు పాత బకెట్టు స్పాంజిని పారెయ్యకుండా రెండో డ్రమ్ములో వదిలారు. మొదటి పది రోజులు రోజుకి ఇరవై గ్రాములు, తర్వాత నలభై. అమ్మోనియా కిట్టు కొని రోజూ రంగు చూసి గోడ మీద రాసేవారు. మూడో వారంలో అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరిగింది. దాన్ని చూసి అక్క కంగారుపడింది గానీ, అది సవ్యంగా సాగుతున్న గుర్తే. రెండో జాతి ప్రాణులు ఎప్పుడూ కాస్త వెనకే వస్తాయి. ఆరో వారానికి అదీ దిగింది.

ఇలా పెంచుకున్న ఫిల్టరుని ఒక్క పొద్దున్నే చంపుకునేవాళ్లను చూశాను. పండక్కి ఇల్లు కడుగుతూ డ్రమ్ములు కూడా మున్సిపాలిటీ కుళాయి నీళ్లతో జాడిస్తారు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. మన తాగునీటిలో క్రిముల్ని చంపడానికి కలిపిందే ఫిల్టరులో ప్రాణుల్నీ చంపుతుంది. కడగాల్సొస్తే తొట్టి నీళ్లతోనే, ఒక డ్రమ్ము ఈ నెల, ఇంకోటి వచ్చే నెల. కరెంటు నాలుగైదు గంటలు పోయి వస్తే పంపు వెంటనే వెయ్యకూడదు. డ్రమ్ములో నిలిచిన నీళ్లలో గాలి అయిపోయి ఉంటుంది. అడుగు వాల్వు తిప్పి ఆ నీళ్లు వదిలేశాకే మొదలుపెట్టాలి.

వదిలిన ఆ నల్లటి నీళ్లు ఎక్కడికి పోవాలో అక్కకి మొదటి వారంలోనే తెలిసిపోయింది. కాలవ తవ్వించి అరటి బోదెకీ, కరివేపాకుకీ, జరిపిన కనకాంబరం మడికీ మళ్లించింది. ఆగస్టులో నేను వెళ్లేసరికి గుమ్మానికి దండ కట్టేటన్ని పూలు. డ్రమ్ముల మీద ఫిర్యాదు ఆ తర్వాత వినలేదు.

దసరా సెలవులు

మొన్న దసరాకి మనవలు మళ్లీ వచ్చారు. తొట్టి గోడకి మేకు కొట్టి, దానికో స్టీలు కాఫీ గ్లాసు గొలుసుతో వేలాడదీసి ఉంది. కొసరు లేకుండా నిండితే 75 గ్రాములు. తాతయ్య వంటింటి త్రాసు మీద తూచి పెట్టారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దుటి గ్లాసు మనవరాలిది, సాయంత్రంది మనవడిది. పక్కింటి పిల్లలొస్తే వీళ్లే వాటా ఇవ్వాలి.

మనవరాలు గ్లాసు ముంచి, పైన చూపుడువేలు అడ్డంగా లాగి చదును చేసింది. కింద పడిన నాలుగు గుళికలు ఏరి సంచీలోనే వేసింది. పదమూడు చేపలూ మీదికొచ్చి నోళ్లు తెరిచాయి. ఈసారి గాలికోసం కాదు. మనవడు మూడో డ్రమ్ముకి చెవి ఆనించి లోపల నీళ్ల చప్పుడు వింటున్నాడు. అక్క దాన్ని ‘పిల్లల పీపా’ అంటుంది, వాళ్లొచ్చినప్పుడు అక్కరకొస్తుందని.

‘తాతయ్యా, వీటికింకా ఆకలేస్తోంది. ఇంకొక్క గ్లాసు?’ అన్నాడు వాడు.

బావగారు కిట్టులోని గాజు గొట్టాన్ని ఎండకేసి ఎత్తి పట్టుకున్నారు. అమ్మోనియా ఉంటే ఆకుపచ్చకి తిరుగుతుంది. పసుపుగానే ఉంది. దాన్ని మనవడి చేతికిచ్చి, ‘సాయంత్రం కూడా ఇదే రంగుంటే నీ గ్లాసు నువ్వు వెయ్యి’ అన్నారు.

వాడు ఆ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని, సాయంత్రం దాకా ఎక్కడ పెట్టాలా అని పెరడంతా వెతుక్కుంటున్నాడు.